పంపకుండానే తిరిగొచ్చిన పవరు

ఒరే, ఉన్నారేటి అందరూ గ్రూపులో? నవ్వితే నవ్వండి గానీ పూర్తిగా ఇనండి. మూడు రోజులు మా రేడియో స్టేషన్లో దొంగ కోసం ఎతికినాను. ఆ దొంగ నా జేబులోంచే దిగినాడు! ఈ వాయిసు కూడా బయట సరుగుడు తోటలో నిలబడి పెడతన్నాను. ఎందుకో సెప్తాను.

మా స్టేషను మీకు తెలుసు కదా, కోటబొమ్మాళి దాటి సముద్రం ఒడ్డున, చిన్నది. సాయంత్రం అయిదింటికి గాలి కబురు సెప్తాం. రేపు సేపల ఏటకి ఎల్లొచ్చా, ఎల్లకూడదా అని. మా పాటలు ఎవరింటారో తెలీదు గానీ, ఆ ఒక్క కబురు కోసం పక్కనున్న జాలర్ల పేటంతా రేడియో పెడతారు.

మొన్న సోమవారం మీకు పండుగప్ప పులుసు గురించి నాలుగు నిమిషాల వాయిసు పెట్టేను, గుర్తున్నాదా? అది పంపి, కిటికీలో ఉన్న పవరు మీటరు మీద ఫోను పెట్టేనో లేదో... కీఁ మని అలారం! రిఫ్లెక్టెడ్ పవరు!

అంటే ఏటంటే, మనం పైకి పంపిన పవరుని యాంటెన్నా తీసుకోకపోతే అది వెనక్కి తిరిగొస్తాది. అలగే వదిలేస్తే ట్రాన్స్‌మిటర్ కాలిపోతాది. అది కాలిపోతే మాకు ఇంకోటి లేదు. అందుకని గబుక్కున ట్రాన్స్‌మిటర్ ఆపేసినాను. ఆ సాయంత్రం కబురు లేదు.

మంగళవారం కనెక్టర్లన్నీ ఇప్పి తుడిసినాను. ఉప్పుగాలి కదా, తుప్పే అనుకున్నాను. ఆన్ చేస్తే బాగుంది. 'ప్రాబ్లం సాల్వ్‌డ్!' అని మీకు వాయిసు పెట్టేను. పెట్టీ పెట్టగానే కీఁ! మళ్లీ ఆపేసినాను. ఎలకలు వైరు కొరికినాయని రెండు బోన్లు కూడా పెట్టేను. ఓ ఎలక పడింది. పాపం, దానికేటీ తెలీదు.

నిన్న ఇంక మా అప్పలరాజు బావని టవరెక్కించేను. మనిషి పైనుంటే ట్రాన్స్‌మిటర్ ఆపాలి కదా, ఆపేను. మీటరుది మాత్రం వేరే ప్లగ్గు, అది ఎలుగుతానే ఉన్నాది. గాలికి కేకేస్తే పైకి ఇనబడదు. కాల్ చేస్తే కట్టయిపోతాది. అంచేత వాయిసు పెట్టేను, "బావా, పై బోల్టు బిగించు" అని. పంపి, ఫోను మీటరు మీద పెట్టేను. కీఁ!

నాకు ఒకటే ఆనందం! వెంటనే ఇంకోటి పెట్టేను. "దొరికినాది బావా! ఇప్పుడు సెయ్యేసినావే, అదే!" కీఁ!

"మళ్లీ అరిసినాది! ఇప్పుడు దేనిమీద సెయ్యేసినావు?"

పైనుంచి బావ వాయిసు వచ్చినాది. "నా ముక్కుమీద. దురదేస్తన్నాది."

ఇదంతా గుమ్మంలో కూకొని పోలమ్మత్త సూస్తన్నాది. పేటలో సేపలమ్ముతాది, పెద్ద మనిషి. ఖాళీ గంప పక్కనెట్టుకొని మధ్యాన్నం నుంచీ అక్కడే. "ఏటత్తా ఇక్కడ?" అంటే, "కబురు నీ మిషను సెప్పకపోతే నువ్వే నోటితో సెప్పు బావూ, ఇనేసి ఎల్తాను" అన్నాది.

"రేపు ఇనబడతాదిలే అత్తా."

"మొన్నా అలగే అన్నావంట. రేడియో ఏటీ అనలేదని నిన్న మావోళ్లు ఎల్లిపోనారు. నడి సముద్రంలో గాలి తిరిగినాది. మనుషులొచ్చినారు, వల రాలేదు."

నేను తల దించుకొని మీటరు కేసే సూసేను.

ఆవిడే మళ్లీ అన్నాది. "ఒకటడగనా? నువ్వు దాన్లో మాటాడి దీని నెత్తిమీద పెట్టినప్పుడల్లా ఇది ఏడుస్తన్నాదేటి?"

నవ్వబోయి ఆగిపోయినాను. ట్రాన్స్‌మిటర్ ఆఫ్‌లో ఉన్నాది. పైకి పంపిందే లేదు. మరి తిరిగొచ్చిందేటి?

ఫోను మీటరు మీదే పెట్టి 'హలో' అని వాయిసు పంపేను. కీఁ! బయట తోటలోకి పట్టుకెళ్లి ఇంకోటి పంపి, పరిగెత్తుకొచ్చి సూసేను. పచ్చ లైటు, సడీ సప్పుడూ లేదు. స్టేషను లోపలైతే సిగ్నలు ఆ కిటికీ దగ్గరే దొరుకుతాది, మీటరూ ఆ కిటికీలోనే. ఒక గీత సిగ్నలుతో నా సోదంతా మొయ్యాలంటే ఫోనుకి ఎంత బలం కావాలి మరి! ఆ బలమంతా మీటరు వైర్లలో దూరిపోతన్నాది. యాంటెన్నా బాగున్నాది, కేబుల్ బాగున్నాది, తిరిగొచ్చిందంతా నా పులుసు కబుర్లే!

బావని దింపి, ట్రాన్స్‌మిటర్ ఆన్ చేసేసరికి అయిదుకి రెండు నిమిషాలు. కబురు ఎల్లినాది. రేపు ఏటకి ఎల్లొద్దని. పోలమ్మత్త పూర్తిగా ఇని, గంప నెత్తికెత్తుకొని, "నీ నోటి మాట పేటకి అందాల్రా బావూ, ఆ డబ్బాకి కాదు" అనేసి ఎల్లిపోయినాది. నెమ్మదిగానే అన్నాది. రాత్రంతా అదే ఇనబడినాది నాకు. నాలుగు నిమిషాలు పులుసు గురించి సెప్పగలిగినోడిని, కబురు లేని రోజు వంద అడుగులేసి పేటలోకి ఎల్లి సెప్పొచ్చు కదా!

ఇయాళ రిజిస్టరు రాయాలి. 'లోపానికి కారణం' అని గడి ఉంటాది. ఆలోచించి, గౌరవంగా 'బాహ్య తరంగాల ప్రభావం' అని రాసేను.

అప్పలరాజు బావ నా భుజం మీంచి సదివినాడు. "బాహ్య ఏటి బావా? నువ్వు లోపలే కూకున్నావు కదా!"

రాసింది కొట్టేసినాను. ఆ గడిలో ఇంకేటీ రాయలేదు. అక్కడే నా సంతకం పెట్టేను.