పాప నోరు పెట్టే చోటు

ఆ ఉదయం నేను యజమాని పిల్లలను బడిలో దింపి గదికి వచ్చేసరికి, నా భార్య రమణమ్మ ఏసీ ఆపేసి రెండు దుప్పట్లు కప్పుకుని వణుకుతోంది. బయట మే నెల ఎండ. పక్కన మూడు వారాల పాప గుక్కపట్టి ఏడుస్తోంది.

అవి ఎనభైల మొదటి సంవత్సరాలు. రాయచోటి దగ్గరి పల్లె నుంచి వెళ్లి, కువైట్‌లో సల్వాలోని ఒకే ఇంట్లో నేను డ్రైవర్‌గా, ఆమె వంటమనిషిగా పనిచేసేవాళ్లం. పాప అక్కడే పుట్టింది.

"ఏమైంది మే?" అన్నాను.

"రొమ్ము రాయైపోయిండాది. మొన పగిలి శానా దినాలాయ. నీతో ఏం చెప్పేది, సిగ్గుగాదా?"

ఎడమ రొమ్ము ఎర్రబడి, ముట్టుకుంటే కాలుతోంది. మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, చూసి ఆ వైపు పాలు మాన్పించి డబ్బాపాలు పట్టమంది. మంచికే చెప్పింది, మేమూ విన్నాం. రెండు రోజులకు జ్వరం ఇంకా పెరిగింది. "యల్లా, ఆస్పత్రికి పదండి" అని మామా తనే పాపను ఎత్తుకుని కారెక్కింది.

ఈజిప్టు డాక్టరమ్మ. రమణమ్మకు వంటింటి అరబీ మాత్రమే వచ్చు కాబట్టి నేను మధ్యలో నిలబడి చెప్పాలి. నాకొచ్చిన అరబీ రోడ్లు, పెట్రోలు, ఇఖామా అనే నివాస అనుమతి కాగితం వరకే. చనుమొనను ఏమంటారో తెలియదు. గోడవైపు చూస్తూ, "పాప నోరు పెట్టే చోట పగిలింది" అన్నాను. డాక్టరమ్మ పడీపడీ నవ్వింది. అంత జ్వరంలోనూ రమణమ్మ నవ్వింది.

"మాస్టైటిస్. పగులులోంచి ఇన్ఫెక్షన్ లోపలికి పోయింది. పాలు ఆపకూడదు. పాపకు పట్టి, మిగిలింది పిండేయాలి" అంటూ డాక్టరమ్మ చేతులతో చేసి చూపించింది.

నేను తెలుగులో చెప్పబోతే రమణమ్మ ఆపింది. "తెలిసెలే. ఎనుముకు పొదుగువాపొస్తే మాయమ్మ పాలు నిలవనిచ్చేదా? పిండి పారబోసేది. నాకెందుకు తోచకపాయనో."

యాంటీబయాటిక్‌తో జ్వరం దిగింది కానీ గడ్డ మిగిలింది. "ఆబ్సెస్" అన్నారు. కోసి చీము తీశారు. ఈలోగా సీసాకు అలవాటుపడ్డ పాప ఆ వైపు నోరు పెడితే ఒట్టు. రమణమ్మ బాగా దిగులుపడింది. అయినా రోజూ నేను వేడినీళ్లలో గుడ్డ ముంచి ఇవ్వడం, ఆమె కాపడం పెట్టుకుని పాలు పిండడం మానలేదు. పాపను చంక కిందుగా పట్టుకునే పద్ధతి ఒక నర్సు నేర్పింది.

ఒక మధ్యాహ్నం కారు కడుగుతుంటే గదిలోంచి మామా గొంతు వినిపించింది. పెళ్లిళ్లలో అక్కడి ఆడవాళ్లు సంతోషంతో నాలుక ఆడిస్తూ తీసే కూత అది. తడి చేతులతోనే పరుగెత్తాను. పాప ఎడమవైపు అతుక్కుని గుటకలు వేస్తోంది.

"అట్ల చూస్తాండావేంది, తాగనీ" అంది రమణమ్మ, కళ్లు తుడుచుకుంటూ.

ఆ పూట మామా తనే వండి మాకు పెట్టింది.

పాప ఏడాదిన్నర దాకా తల్లిపాలు తాగింది. ఇప్పుడు తనే ఇద్దరు బిడ్డల తల్లి. మేము రాయచోటిలో స్థిరపడ్డాం. రమణమ్మకు సన్నని గాటు గుర్తు తప్ప ఏ బాధా లేదు.

బాలింత ఉన్న ఇళ్లలో మగవాళ్లకు ఒక్క మాట. చనుమొన పగిలిందేమో మీరే అడగండి. వాపు, జ్వరం వస్తే పాలు మాన్పించకండి, ఆ రోజే డాక్టరుకు చూపించండి.