ఆ రోజు నేను లైబ్రరీల లేను

ఇరవై ఏండ్ల సంది ఒక అబద్ధాన్ని మోస్తున్న. ఇంట్ల ఎవ్వరికీ చెప్పలే. మీరెవరో నాకు తెల్వదు, నేనెవరో మీకు తెల్వదు. అందుకే మీకు చెప్పబుద్ధయితున్నది.

అప్పుడు అశోక్ నగర్ల లేడీస్ హాస్టల్ల ఉండి సర్కారు నౌకరి పరీక్షలకు చదువుతుంటి. నా రూమ్మేట్ సరిత. కరీంనగర్ దిక్కు పల్లె. వాళ్ల బాపు పక్కన కూసొని రేడియోల కామెంటరీ వినుకుంట పెరిగింది. క్రికెట్ అంటే పానం. కానీ ఫైనల్ మ్యాచ్ ఒక్కటి కూడ కండ్లతోని చూడలే. వాళ్లింట్ల టీవీ లేదు, మా హాస్టల్ల లేదు. ఫోన్లల్ల మ్యాచ్‌లు వచ్చే కాలం కాదు.

ఫైనల్ రోజు ఇద్దరం రిజిస్టర్ల 'లైబ్రరీ' అని రాసి, చిక్కడపల్లి మీదుగ నారాయణగూడకు నడిచినం. చౌరస్త కాడ ఒక దుకాణపాయన పెద్ద టీవీని రోడ్డు దిక్కు తిప్పి పెట్టిండు. ఆటోవాళ్లు, కూలి పనికొచ్చిన పాలమూరోళ్లు, అంత మగోళ్లే. అక్కలకు జర జాగ ఇయ్యమని ఎవరో అంటే జరిగిండ్రు. ఇప్పుడు బాల్ నెమ్మదిగ ఏస్తడు చూడు అని సరిత అన్నది, అట్లనే అయింది. కాసేపట్ల చుట్టున్నోళ్లు ఆమెనే అడుగుడు షురూ చేసిండ్రు. ఫోర్ పోతే తెల్వనోళ్లతోని కలిసి ఎగిరి చప్పట్లు కొట్టింది. అంత సంబురంగ ఆమెను మళ్ల ఎన్నడూ చూడలే.

ఆ గుంపుల సరిత వాళ్ల చుట్టపాయన ఒకాయన ఉన్నడు. నన్నెరుగడు. సరితను మగోళ్ల నడుమ చూసిన అని ఊర్ల చెప్పిండు.

మూడో రోజు వాళ్ల బాపు వచ్చిండు. వార్డెన్ రూముల కూసున్నడు. కోపం లేదు, పరేషాన్ల ఉన్నడు. దోస్తుతోని పోయిన అని సరిత అప్పటికే చెప్పింది. నమ్మాలనే ఉన్నది ఆయనకు. నన్ను పిలిపించిండు.

"బిడ్డా, ఆమెతోని పోయింది నువ్వే గద?"

"నేను లైబ్రరీల ఉన్న బాపు. ఆమె ఎవరితోని పోయిందో నాకు తెల్వదు."

ఎవరితోనో. ఆ మాటతోని ఆయన మొకం వాడిపోయింది. సరిత నా దిక్కు చూసింది. అబద్ధమని అనలే. అంటే నన్ను కూడ ఇంటికి పంపుతరని ఆగిందా? పొద్దుగూకక ముందే బట్టలు సర్దుకొని బాపు ఎంబడి పోయింది. నేను పుస్తకం తెరుసుకొని కూసున్న.

భయపడ్డ అని ఇన్నేండ్లు నాకు నేనే చెప్పుకున్న. మా అన్నకు తెలిస్తే చదువు మాన్పిస్తుండె, అది నిజమే. అదొక్కటేనా? కోచింగ్ టెస్టులల్ల ఎప్పుడూ నాకంటె ఆమెకే ఎక్కువ మార్కులు. ఆమె బ్యాగు సర్దుతుంటె నా లోపల ఎక్కడనో తేలికగ అనిపించలేదా? అనిపించింది. అసలు చెప్పలేనిది ఇదే.

ఆ ఎండకాలమే ఆమెకు పెండ్లి చేసిండ్రు. పరీక్ష రాయలే. నాకు నౌకరి వచ్చింది. సరిత ఫోన్ చేసి, మంచిగైంది అన్నది. ఆ ముచ్చట ఆమె తియ్యలే, నేను తియ్యలే. మన్నించిందో, అడుగుడు దండుగ అనుకున్నదో తెల్వదు.

పోయినేడు వాళ్ల బాపు చనిపోయిండని తెలిసింది. బిడ్డ తనకు అబద్ధం చెప్పిందనుకునే పోయి ఉంటడు. ఇప్పుడు చెప్పి ఏం లాభం? ఏం లేదు. అయినా ఆయనకు ఇయ్యాల్సిన జవాబును మీ ముందల పెడుతున్న, రాస్తుంటె ఇన్నేండ్లకు ఊపిరి జర సాఫుగ ఆడుతున్నది.

అవును బాపు, నేనే పోయిన. మీ బిడ్డ మీకు అబద్ధం చెప్పలే.