పొయ్యెక్కిన నెత్తుటి చుక్కలు

పడమటి కెర్రీ పల్లెల్లో నర్సు గోబ్నెట్ మోరియార్టీ చేతి సూదిపోటు మడమ మీద పడకుండా పెరిగినవాళ్లు అరుదు. పసికందు నెత్తురు అట్ట మీద చుక్కలుగా దించి, ఆరబెట్టి, పరీక్షకని డబ్లిన్ ల్యాబుకి పంపడం ఆమె పని. ఊపిరితిత్తుల్నీ అరుగుదలనీ దెబ్బతీసే సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే జబ్బు అక్కడ చాలా వంశాల్లో చడీచప్పుడు లేకుండా కాపురముంటుంది మరి.

ఇంతటి ఘనచరిత్రకు ఒకే మచ్చ: రోషీన్. ఈ కొత్త నర్సు పంపిన అట్ట ఒక్కటీ తిరిగిరాదు. గోబ్నెట్‌వి మాత్రం "రక్తం చాలలేదు", "చుక్క మీద చుక్క పడింది" అనే బిరుదులతో వచ్చేవి.

"నీ వాటాకి వచ్చే పిల్లలకి నెత్తురెక్కువలే," అనేది గోబ్నెట్.

"పాదం కాస్త వెచ్చబెడతానండీ, అంతే," అనేది రోషీన్. ఆ వినయం మరీ మండించేది.

నాణ్యతలో కాకపోతే వేగంలోనైనా గెలవాలని గోబ్నెట్ పట్టుబట్టింది. వానకి అట్టలు ఆరవు, సాయంత్రం టపా దాటిపోతుంది. అందుకని తన వంటింటి ఇనుప పొయ్యి మీది అరలో పెట్టింది. బిస్కట్లలా ఆరాయి! ఆ ఊరి నోరీన్ కొడుకు, చంటి డోనల్ అట్ట కూడా అలాగే వెళ్లింది. జబ్బు లేదని జవాబొచ్చింది. ఆమె అసూయ కొన్నాళ్లు హాయిగా నిద్రపోయింది.

ఓరోజు క్లినిక్‌లో రోషీన్ అట్టలు బీరువా మీద చల్లగా పడుకుని ఉన్నాయి.

"ఇవెప్పటికి ఆరేను తల్లీ? నా పొయ్యి మీదైతే చిటికెలో పని."

రోషీన్ టీ కప్పు దించింది. "పొయ్యి మీదా? గోబ్నెట్ గారూ, నెత్తుట్లో ల్యాబు కొలిచే పదార్థం వేడికి పాడైపోతుంది కదండీ! జబ్బున్న బిడ్డ కూడా బాగున్నట్టే కనబడుతుంది."

ఎగతాళి చేసి ఉంటే కనీసం తిట్టుకోవచ్చు. చెయ్యలేదు. పైగా డోనల్ పాలు బాగానే తాగుతున్నా బరువు పెరగడం లేదు. వాళ్ల నాన్నా బక్కపలచనే కదా అని నోరీన్‌కి సర్దిచెప్పింది తనే. ఇంకా ఆలస్యమైతే ఆ పదార్థం బిడ్డ వయసుతోపాటు దానంతటదే తగ్గిపోయి, పరీక్షకి జబ్బు దొరక్కుండా పోతుంది.

గోబ్నెట్ ల్యాబుకి ఫోన్ చేసి, పొయ్యెక్కిన అట్టలన్నిటి పేర్లూ చెప్పేసి, నేరుగా నోరీన్ ఇంటికి వెళ్లింది.

"మళ్లీ గుచ్చుతావా నర్సమ్మా? మా చెల్లెలి బిడ్డకి రోషీన్ ఒక్క పోటుతో కానిచ్చేసింది!"

"రోషీన్ నాకన్నా మంచి నర్సు." పన్ను పీకించుకున్నా ఇంత నొప్పి ఉండదు. "మీవాడి అట్ట నేను పొయ్యి మీద మాడ్చానమ్మా."

"అదేమన్నా రొట్టెముక్కా, కాల్చడానికి!" అంటూనే నోరీన్ చంటివాడి మేజోడు లాగింది. గోబ్నెట్ ఆ పాదాన్ని రెండు అరచేతుల మధ్య వెచ్చబెట్టింది.

ఈసారి అట్టలో జబ్బు ఉండొచ్చని తేలింది. చెమటలో ఉప్పు కొలిచే పరీక్షతో అది ఖాయమైంది. మందు పడ్డాక డోనల్ బుగ్గలు పూడాయి. రోషీన్ చెప్పబట్టే బిడ్డ దక్కాడని నోరీన్ ఊరంతా చెప్పింది.

"నిజమేగా," అంది గోబ్నెట్, అడిగినవాళ్లందరితోనూ.

ఇప్పుడు ఆమె అట్టలూ బీరువా మీదే, రోషీన్ అట్టల పక్కనే ఆరుతాయి. గదిలో ఎవరూ లేనప్పుడు కళ్లజోడు పెట్టుకుని, ఎవరి చుక్క ఎక్కువ గుండ్రంగా ఉందో చూసుకుంటుంది.