పగటిపూట పెరిగిన రేటింగ్

ఫోన్లు మడతపెట్టి జేబులో వేసుకునే ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ ఏదీ లేదని నా గట్టి నమ్మకం. మిషిగన్‌లోని ట్రాయ్‌లో ఒక రూమ్మేట్‌తో ఉండేవాణ్ణి. ఆఫీసులో జీతాల ప్రోగ్రాములు చూసేవాణ్ణి, ఇంటికొస్తే ఆన్‌లైన్‌లో చెస్ ఆడేవాణ్ణి. గెలిస్తే పెరిగి, ఓడితే తగ్గే నా రేటింగ్ రెండేళ్లుగా పన్నెండు వందల దగ్గరే చతికిలబడి ఉంది. దాన్ని లేపాలని ఎక్సెల్‌లో షీటు తయారుచేసి ప్రతి ఆటకీ ఓటమి కారణం రాసుకునేవాణ్ణి (ఎక్కువ వరసల్లో 'ఇంటర్నెట్ స్లో' అని ఉండేది).

సరిగ్గా రూమ్మేట్ వాళ్లమ్మగారు ఒంగోలు నుంచి వచ్చిన వేసవిలోనే నా షీటు ఫలితం చూపించడం మొదలుపెట్టింది. పొద్దున పన్నెండు వందల పది చూసి ఆఫీసుకి వెళితే, సాయంత్రానికి పన్నెండు వందల నలభై! ఆడకుండానే ఎలా పెరిగిందని మామూలు మనిషైతే అనుమానపడతాడు. నేను ఇంజనీర్ని. మా ఆఫీసులో జీతాలన్నీ ఒకేసారి లెక్కగట్టే బ్యాచ్ జాబ్ ఉన్నట్టే, ఈ సైట్‌లోనూ నిన్నటి ఆటల నాణ్యతను ఇవాళ పగలు లెక్కగట్టే బ్యాచ్ జాబ్ ఉందని తేల్చేశాను. సాయంత్రాలు ఓడిపోతున్నా నా ఆలోచనలోని లోతును సైట్ గుర్తిస్తోందన్నమాట. రూమ్మేట్‌కి కాగితం మీద బొమ్మ గీసి మరీ వివరించాను. "అట్టనా!" అన్నాడు పాపం.

రేటింగ్ పదిహేను వందలు దాటగానే ఆఫీసంతా చాటింపు వేశాను. పై అంతస్తు టీమ్‌తో చెస్ మ్యాచ్‌కి మా మేనేజర్ నన్నే, టీమ్‌లో అందరికన్నా గట్టివాడు కూర్చునే మొదటి బోర్డు దగ్గర కూర్చోబెట్టాడు. మావాళ్లంతా లంచ్ మానేసి నా వెనక నిలబడ్డారు. పదిహేడో ఎత్తులో మంత్రి పోయింది, ఇరవయ్యో ఎత్తుకి ఆటే పోయింది. నా వల్ల టీమ్ ఓడింది. మేనేజర్ భుజం తట్టి వెళ్లాడు. తిట్టినా బాగుండేది, సిగ్గుతో చచ్చిపోయాను.

తలనొప్పని చెప్పి మధ్యాహ్నమే ఇంటికొచ్చేశాను. హాల్లో నా కంప్యూటర్ ముందు రూమ్మేట్ వాళ్లమ్మగారు, పక్కన పల్లీల గిన్నె, తెర మీద నా పేరుతో ఆట.

"అదేంది నాయనా, అప్పుడే వచ్చావు? ఉండు, ఇంక రెండెత్తుల్లో అయిపోద్ది."

"ఆంటీ, మీరు చెస్ ఆడతారా?"

"స్కూల్లో లెక్కలు చెప్పినన్నాళ్లూ పిల్లలకి చదరంగం కూడా నేర్పించా. పొద్దుపోకపోతే నా కంప్యూటర్ వాడుకోండని నువ్వే అన్నావు గదా." ఆట గెలిచి, నావైపు తిరిగారు. "నీ పాత ఆటలన్నీ చూశాన్లే. నీ ఎత్తు బానే వేస్తావు. ఎదుటోడు ఎందుకు జరిపాడో మాత్రం ఒక్కసారన్నా చూడవు."

రెండేళ్ల నా షీటులో ఆ కారణం ఒక్క వరసలోనూ లేదు. ఆ రోజు నుంచి సాయంత్రం కాఫీ కాగానే ఆవిడ నా పక్కన కూర్చునేవారు. "ఎందుకు జరిపాడు?" అన్న ప్రశ్నకి జవాబు చెప్పేదాకా మౌస్ ముట్టనిచ్చేవారు కాదు. ఆవిడ ఊరెళ్లేలోపు నన్ను ఓడించిన పై అంతస్తు మనిషిని పిలిచి మళ్లీ ఆడి, గెలిచాను (మా మేనేజర్ ఎదురుగానే).

ఆవిడ వెళ్లిన మర్నాడు ఆఫీసు నుంచి వచ్చి సైట్ తెరిచాను. పొద్దున ఎంత వదిలి వెళ్లానో అంతే ఉంది. అంతా తెలుసనుకున్న ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. అయినా సాయంత్రం ఇంటికి రాగానే నా చూపు ముందు ఆ అంకె మీదికే పోతుంది, ఆంటీ పగలు ఏమైనా పెంచి వెళ్లారేమోనని.