కసరత్ పేరు మీద

మా ఆయనకు షుగర్ వచ్చింది, రోజూ నడవమన్నాడు డాక్టర్. అఫ్జల్‌గంజ్‌లో పప్పుల హోల్‌సేల్ దుకాణం మాది. ఆయన పొద్దంతా గల్లా దగ్గర కూర్చునే మనిషి. నడక విసుగన్నాడు. జంటలకు బాల్‌రూమ్ డాన్స్ నేర్పే చోటు ఒకటుందని తెలిసి నేనే లాక్కుపోయాను. పెళ్లయ్యాక ఒక్క సినిమాకైనా తీసుకుపోని మనిషి అక్కడ మాత్రం పట్టుబట్టి నేర్చుకున్నాడు. చూస్తుండగానే పెద్దవయసు జంటల పోటీకి పేరిచ్చాం. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే ఎంత లొల్లో నాకు తెలుసు.

నేర్పే పిల్లకు మా వయసులో సగం ఉంటుంది, నోరు మాత్రం అచ్చం మా అత్తమ్మదే. స్టెప్పులు తర్వాత, ముందు వెన్నూ పిక్కలూ గట్టిపడాలంది. మెట్టు అంచున నిలబడి మడమలు లేపి దించమంది, కుర్చీ లేకుండా గోడకు ఆని కూర్చోమంది. వాటన్నిటికంటే కష్టం ఫ్రేమ్. పాట లేకుండా, కదలకుండా, నాట్యంలో పట్టుకున్నట్టే పట్టుకొని నిలబడాలి. ఆయన కుడిచెయ్యి నా వీపు మీద, నా ఎడమచెయ్యి ఆయన జబ్బ మీద. మోచేతులు జారితే మళ్లీ మొదటినుంచి. ఇంటి దగ్గర కూడా రోజూ చేయమంటే మిద్దె మీద మొదలుపెట్టాం.

మాది ఉమ్మడి ఇల్లు. పెద్దల ముందు మొగుడి పక్కన కూర్చోవడమే ఎబ్బెట్టు. వెలుతురులో ఆయన చెయ్యి నా మీద పడింది పెళ్లినాడే, మళ్లీ ఆ క్లాసులో, ఈ మిద్దె మీదే.

ఒకరోజు అత్తమ్మ మిరపకాయలు ఎండబోయడానికి పైకి వచ్చింది. నా గుండె జారింది గానీ మోచెయ్యి జారలేదు. ఆయన తల కూడా తిప్పకుండా, "కసరత్ అమ్మా, నడుముకు" అన్నాడు. ఆమె ముక్కు మీద వేలేసుకొని, నడుము మంచిగైతే చాలంది. ఇక ఆ పేరే ఖాయం. మేం చేయని రోజు ఆమే అడిగేది, ఇయ్యాల కసరత్ లేదా అని. నడుము నొప్పన్న పక్కింటి ముసలాయనకు కూడా అదే చెయ్యమని సలహా ఇచ్చింది, పాపం.

కడుపులో లేనిది కౌగిలించుకుంటే వస్తుందా అంటారు. వస్తుంది, నేను చూశాను. దుకాణంలో ఎవరితోనైనా మాటామాటా వచ్చిన మర్నాడు ఆయన అరచెయ్యి బిగుసుకునేది. ఏమైందని అడిగే పని లేకుండానే నాకు తెలిసిపోయేది.

పోటీనాడు ఇంట్లో పెళ్లికని చెప్పి, పట్టుచీర కట్టుకొని పోయాం. ఏ కప్పూ రాలేదు. ఆ తర్వాత ఆయన మోకాలు వాచింది. గుజ్జు అరిగింది, ఇక డాన్సూ కసరత్తూ అన్నీ బంద్ అన్నాడు డాక్టర్. కసరత్ బందైన సంగతి అత్తమ్మతో సహా ఇంట్లో అందరికీ తెలుసు.

కప్పు కోసం నేనేం ఏడవలేదు. ఆ చెయ్యి కావాలి నాకు. రాత్రి ఒకే మంచం మీదే పడుకుంటాం, కాదనను. కానీ పట్టపగలు, నిటారుగా నిలబెట్టి, జారిపోకుండా పట్టిన చెయ్యి వేరు. పప్పు ఉడుకుతుంటే పొయ్యి ముందు నిలబడి దాని కోసమే తపిస్తుంటాను. సిగ్గు విడిచే చెబుతున్నాను.

మొన్న ఆయన మెల్లగా మెట్లెక్కి మిద్దె మీదికి వస్తే అడిగేశాను.

"మోకాలు కదిలియ్యకుండ, ఊకె నిలబడదాం. జెరసేపు."

ఆయన చెయ్యి సగం లేచింది. మెట్ల వైపు చూశాడు.

"ఎవలన్న చూస్తే ఏమని చెప్తం?" అన్నాడు.

నాకూ ఏ పేరూ తోచలేదు.