గడియారం సిస్టర్ దొంగ నాడి

వార్డులో అందరూ ఆవిడని గడియారం సిస్టర్ అనేవారు. యూనిఫారం మీద తలకిందులుగా వేలాడే చిన్న గడియారం అందుకు ఒక కారణం. ఆరింటి మందు ఆరూ అయిదుకి ఇస్తే ఒప్పుకోని స్వభావం రెండో కారణం. అంతటి మనిషీ న్యుమోనియాతో మంచం పట్టి, సొంత వార్డులోనే రెండు వారాలు రోగిగా పడుకుంది. ఇంటికి వచ్చి అయిదు వారాలైంది. జ్వరం పోయింది, దగ్గు పోయింది. ఒంట్లో సత్తువ మాత్రం ఎటు పోయిందో ఇంకా తిరిగి రాలేదు.

మొదటి వారం ఆవిడకి టీ తాగడం చేతకాలేదు. నవ్వకండి, నిజమే. డ్యూటీలో టీ అంటే ఎనిమిదింటికి వచ్చి, పెట్టినచోటే ఉండి, పదకొండింటికి చల్లారి మీగడ కట్టాక నిలబడి ఒక్క గుక్కలో మింగేది. భర్త పొగలు కక్కే కప్పు చేతికిస్తే అలవాటు కొద్దీ అలాగే ఎత్తేసింది. నాలుక బొబ్బెక్కింది.

"అదేం తాగడమే? ఎవరైనా ఎత్తుకుపోతారా నీ టీ?" అన్నాడాయన. ఆయన స్కూలు బస్సు నడుపుతాడు. పొద్దున్నే పిల్లల్ని దింపి పదింటికి ఇల్లు చేరతాడు, మళ్లీ మూడింటికి బయలుదేరతాడు. ఎన్నేళ్ల కాపురమైనా పదింటప్పుడు భార్య ఇంట్లో ఉండటం ఆయనకీ కొత్తే.

రెండో వారానికి ఊదుకుంటూ తాగడం వచ్చింది. చివరి గుక్క కూడా వెచ్చగా ఉంటుందని ఆవిడకి అప్పుడే తెలిసింది. బాల్కనీలో కుర్చీ వేయించుకుంది. ఆస్పత్రి నుంచి వచ్చిననాడు ఎదురుగా ఉన్న చెట్టు చీపురుకట్టలా ఉండేది. ఇప్పుడు కొమ్మకొమ్మకీ ఎర్రటి చిగుళ్లు. పద్దెనిమిదేళ్లుగా ఉంటున్న వీధి పగలు పదింటికి ఎలా ఉంటుందో ఆవిడెప్పుడూ చూసి ఎరగదు. ఎదురింటావిడ దుప్పట్లు దులుపుతూ తనలో తను ఎవరినో తిట్టుకుంటుంది. పోస్టుమాన్ మూడో గేటు దగ్గర ఆగి, అక్కడి పిల్లిని పలకరించి గానీ ముందుకు కదలడు. పన్నెండయ్యేసరికి ఎండ బాల్కనీ దాటి గదిలోకి వచ్చి, మంచం మీద చాచిన పాదాలని తాకుతుంది. వాపు దిగిన పాదాలు. తన చీలమండలకి ఎముక ఉందన్న సంగతే ఆవిడ మర్చిపోయింది. ఎండలో పాదాలు పెట్టుకుని, కమలాపండు తొక్క గోటితో గిల్లి వాసన చూస్తూ, అలాగే కునుకు తీసేది. లేచాక సిగ్గేసేది.

నర్సుల్లో ఒక పట్టింపు ఉంది. వార్డు ఎంత నిశ్శబ్దంగా ఉన్నా 'ఈ పూట ప్రశాంతంగా ఉంది' అని ఎవరూ పైకి అనరు. అన్న పది నిమిషాల్లో నలుగురు స్ట్రెచర్ల మీద దిగుతారని భయం. అందుకే భర్త "ప్రాణం కాస్త హాయిగా ఉందా?" అని అడిగినప్పుడల్లా ఆవిడ "ఏదో, అలా ఉందిలెండి" అని తప్పించుకునేది.

తప్పించుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. అది చెప్పుకోదగ్గది కాదు.

రెండుపూటలా నాడి చూసి నోటుబుక్కులో రాయమన్నారు డాక్టరుగారు. వందకి తగ్గితే ఆ వచ్చే సోమవారం నుంచే డ్యూటీ. మూడో వారంలో ఒక సాయంత్రం మణికట్టు మీద రెండు వేళ్లు పెట్టి లెక్కిస్తే ఎనభై రెండు వచ్చింది. మళ్లీ లెక్కించింది. ఎనభై రెండే. కలం తీసింది. కళ్ల ముందు ఇరవై నాలుగు మంచాలు, తడి ఫినాయిలు నేల, బిగుసుకుపోయిన బూట్లు కదిలాయి. చెయ్యి దానంతటదే నూటనాలుగు అని రాసేసింది.

మర్నాడు నూటరెండు. ఆ మర్నాడు నూటఆరు. అబద్ధమాడినా అతికినట్టుండాలి కదా! డాక్టరుగారు పుస్తకం చూసి, తల పంకించి, రెండు వారాలు సెలవు పొడిగించారు. ఒకప్పుడు థర్మామీటరు పెట్టకుండానే జ్వరం రాసిందని ఒక పిల్ల నర్సుని వార్డంతా వినేలా చీవాట్లు పెట్టిన మనిషి ఈవిడే. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా నోట్లో టీ చేదెక్కేది. అయినా రాయడం మానలేదు.

శనివారం మధ్యాహ్నం ఆ పిల్లే చూడటానికి వచ్చింది. ఇద్దరు బిడ్డల తల్లయినా వార్డులో ఇంకా దాన్ని కొత్తమ్మాయి అనే పిలుస్తారు. ఎల్లుండే డాక్టరుగారికి పుస్తకం చూపించాలి.

"ఎలా ఉన్నారు సిస్టర్?" అని కుర్చీలో కూలబడింది. మంచినీళ్లు తెచ్చేలోపు తల వాల్చి నిద్రపోయింది. కళ్ల కింద నలుపు. బూట్ల అంచుల మీదికి పొంగిన పాదాలు. గ్లాసు చేత్తో పట్టుకుని గడియారం సిస్టర్ చాలాసేపు అలాగే నిలబడింది. తన సెలవు ఎవరి కాళ్ల మీద నడుస్తోందో కంటికి కనబడింది.

పావుగంటకి కొత్తమ్మాయి ఉలిక్కిపడి లేచింది. "అయ్యో, డబల్ డ్యూటీ చేసి వచ్చాను, ఏమనుకోకండి" అంటూ అలవాటుగా సిస్టర్ మణికట్టు అందుకుంది. లాక్కునే వ్యవధి లేకపోయింది. అర నిమిషం గడిచింది.

"ఎనభై" అంది. రాద్దామని బల్ల మీది పుస్తకం తెరిచింది. ఒక పేజీ తిప్పింది, ఇంకో పేజీ తిప్పింది. తలెత్తకుండానే, "ఎంత రాయమంటారు సిస్టర్?" అంది.

నూటనాలుగంటే నూటనాలుగే రాసేట్టుంది. అదే గడియారం సిస్టర్‌కి చెంపదెబ్బ అయింది. ఈ పిల్లకి తను నేర్పిన పని చివరికి ఇదా?

"ఎనభై రాయి. పైన ఉన్నవి నమ్మకు, రెండు వారాలుగా అన్నీ దొంగవే. సోమవారం డాక్టరుగారికి నేనే చెప్పుకుంటాను. డ్యూటీకీ వస్తాను."

కొత్తమ్మాయి ఎనభై అని రాసింది. కలం పక్క గడిలోకి, రోగి చెప్పే బాధలు రాసే చోటికి జరిగింది. "ఇంకేమైనా ఇబ్బంది ఉందా?" అని మామూలు ధోరణిలో అడిగింది.

ఏమీ లేదనబోయింది గడియారం సిస్టర్. చూపు కొత్తమ్మాయి పొంగిన పాదాల మీదికి పోయింది.

"అలసటగా ఉందమ్మా."

"ఎన్నాళ్ల నుంచి?"

ఆవిడ వేళ్ల మీద లెక్కపెట్టి, "ఓ పదహారేళ్లుంటుంది" అంది.

నవ్వుతుందేమోనని చూసింది. ఆ పిల్ల నవ్వలేదు. తల వంచుకుని అక్షరం అక్షరం దిద్ది రాసింది, 'అలసట, పదహారేళ్లుగా.' పుస్తకం మూసి, కలానికి టోపీ పెట్టి, మెల్లిగా అంది.

"నాకు ఆరేళ్ల నుంచి సిస్టర్."