ఆయన ఏ దేవుడికి మొక్కుతాడని మా అవ్వ అడగలేదు

పోయిన శుక్రవారం గ్రంథాలయంలో దేశనాయకుడి ఆరోగ్యం కోసం ప్రార్థన పెట్టారు. మా అవ్వను గడప దగ్గరే ఆపారు. "ఆయన మా మతపు ఆయన. మీరు మీ చర్చి గుడిల చేసుకోండ్రి" అన్నారు. అన్నది ముసలివాళ్ళు కాదు... నా ఈడు కమిటీవాళ్ళు.

అందుకే ఈ కాగితం ఆ గ్రంథాలయం గోడకే అంటిస్తున్నాను. నేను పత్తి గింజ తీసే గిర్నీలో పనిచేస్తాను. బడికి పోలేదు, చర్చి పాటల పుస్తకం ముందర పెట్టుకుని అక్షరాలు నేర్చుకున్నాను. తప్పులుంటే నవ్వుకోండి. కానీ మొత్తం చదవండి.

మా చిన్నప్పుడు... వానాకాలం, సావుకారు కంది చేలో కలుపు నడుస్తోంది. జహీరాబాదు నుంచి వచ్చిన బండ్లవాళ్ళు ఒక కబురు తెచ్చారు. అంటరానివాళ్ళ సంగతి మీద ఇప్పుడు మీరు ప్రార్థన పెట్టిన ఈ పెద్దాయనే జైల్లో అన్నం మానేశాడని.

ఇక పిల్లలకు ఒకటే చర్చ... ఆయన ఏ మతం? ఏసుప్రభువు కొండ మీద చెప్పిన మాటలు ఆయన చదువుతాడని పాదిరి చెప్పాడు. అంతే, మా లెక్కలో ఆయన మాలాగే మెథడిస్టు క్రైస్తవుడు అయిపోయాడు. బాప్తిస్మం ఎక్కడ తీసుకున్నాడన్నదే తేలలేదు. నేను కంగ్టి ఊళ్ళో అన్నాను... మా మేనమామ తీసుకున్నది అక్కడే కాబట్టి.

సావుకారు కూతురు నీలవ్వ ఒప్పుకోలేదు. వాళ్ళు ఇంట్లో కన్నడం మాట్లాడే లింగాయతులు. ఆయన రామా అంటాడు కాబట్టి మావాడే అంది. మరి మెడలో లింగమేదని నేనడిగాను. దానికి కోపం వచ్చి మట్టిగడ్డ విసిరింది. పక్క సాలులో కలుపు తీస్తున్న కాసింబీ మా ఇద్దరినీ చూసి నవ్వింది. "ఒంటిమీది గుడ్డ జూస్తె ఫకీరు లెక్కున్నడు. మీ ఇద్దరికి గాదు, మాకు ఇడిసిపెట్టుండ్రి" అంది.

చివరికి అవ్వనే అడిగాను. అవ్వ కలుపు తీసే కుర్పి ఆపలేదు.

"ఆయన ఎవలకు మొక్కుతడో నాకెర్క లేదు బిడ్డ. మన పేరు మీద బువ్వ మానిండంట. ఇగ నాకెట్ల దిగుతది?"

ఆ రోజు నుంచి అవ్వ కూడా తినలేదు. పగలంతా కలుపు, పొద్దు గూకితే ప్రార్థన... మధ్యలో నీళ్ళు. వంగితే లేవలేకపోయేది. నాకు భయమేసేది... పెద్దాయన పోతాడని కాదు, అవ్వ పోతుందని.

సావుకారు భార్య గౌరమ్మ కూడా తన దేవుడికి చెప్పుకుని పస్తు ఉంది. ఆయన మళ్ళీ అన్నం ముట్టాడన్న కబురు రాగానే మమ్మల్నందరినీ తన వాకిట్లోకి పిలిచింది. బెల్లం నీళ్ళు కలిపింది. తను చెంబుతో తాగింది. అవ్వకు మాత్రం ఎప్పటిలాగే పైనుంచి దోసిట్లో పోయబోయింది.

అవ్వ దోసిలి పట్టలేదు. చేతులు కిందికి దించేసింది.

"సావుకారమ్మా... ఆయన పస్తున్నది గిందుకే గద."

గట్టిగా కూడా అనలేదు. ఆ ఓపిక ఆమెకు లేదు.

గౌరమ్మ మొహం ఎర్రబడింది. సావుకారు అరుగు మీద నుంచి చూస్తున్నాడు. రేపటి నుంచి కూలికి పిలవరనే మా వాళ్ళందరూ అనుకున్నారు. గౌరమ్మ చెంబు నింపి అవ్వ చేతికిచ్చింది. అవ్వ అంచు నోటికి ఆనించి తాగింది. తర్వాత ఆ చెంబును చింతపండు పెట్టి తోమించిందో లేదో నాకు తెలియదు. తోమించే ఉంటుంది. అయినా ఇచ్చింది.

ఆ పస్తు వల్ల మావాళ్ళకు మేలు జరిగిందా, మావాళ్ళను మేమే ఎన్నుకునే హక్కు చేతికి వచ్చినట్టే వచ్చి జారిపోయిందా అని గిర్నీలో ఇప్పటికీ కొట్లాడుకుంటాం. నాకూ ఆయన మీద అనుమానాలున్నాయి. ఆయన దేవుడి మీద లేవు. నాయకుల్లో ఒకాయన నమాజు చేస్తాడంటారు, ఇంకొకాయనకు దేవుడే లేడంటారు... ఉండనీ. వాళ్ళు ఎవరి గుడివాళ్ళని వాదించుకోవడం చిన్నపిల్లల ఆట. మేం ఆడాం, పెరిగాం, మానేశాం. మీరు మీసాలొచ్చాక మొదలుపెట్టారు.

అప్పుడు అంటు లేదని అబద్ధం చెప్పను. ఉంది, పీకల దాకా ఉంది. కానీ ఆ రోజు తర్వాత పెద్దాయన జైలుకు పోయిన ప్రతిసారీ గౌరమ్మ వాకిట్లో అందరం కూర్చునేవాళ్ళం. నీలవ్వ వాళ్ళ భజన, మా పాట, కాసింబీ దువా... ఒకదాని తర్వాత ఒకటి. గౌరమ్మ పోయింది. ఆ వాకిట్లోనే మీ గ్రంథాలయం వెలిసింది. ఇప్పుడక్కడ పుస్తకాలున్నాయి, కుర్చీలున్నాయి, చదువుకున్న మీరున్నారు... మనిషి కూర్చునే జాగానే తగ్గింది.

ఇది చదివేవాళ్ళు... మీ ఇండ్లలో అప్పుడు ఎవరు పస్తు ఉన్నారో, ఏ దేవుణ్ణి అడిగారో కింద జాగా వదిలాను, రాయండి. రాయడం రానివాళ్ళు నాకు చెప్పండి, నేను రాస్తాను.

కమిటీవాళ్ళకు వేరే మాట. వచ్చే సంత నాడు పొద్దు గూకేలోపు నాకు జవాబు కావాలి. ఈ గోడ మీద రాస్తే కుదరదు, నా చేతికి చీటీ పంపితే కుదరదు. మా వాడకు రండి. మా అవ్వ ఎదురుగా కూర్చోండి. ఆయన బతకాలని ఆమె అడిగితే దేవుడికి ఎందుకు వినబడదో ఆమెకే చెప్పండి.